కోవర్టు జీవితం, గురిపెట్టిన హత్య
(పెంటపాడులో ఇచ్చిన స్మారకోపన్యాసం: ముద్రిత పాఠం)

రాజ్యం గాని, రాజ్యంతో పోరాడే సంస్థ గాని ఒక మనిషిని పేరుతో సహా ఎంచుకొని, అతని రాకపోకలను కొంతకాలం కనిపెట్టి, వీలైన చోటు చూసి చంపించినప్పుడు దాన్ని గురిపెట్టిన హత్య అనాలి. రెండు సాయుధ బలగాలు ఎదురుబడి కాల్చుకున్నప్పుడు సంభవించే మరణం వేరు, కోపంలోనో తగాదాలోనో జరిగే హత్య వేరు. గురిపెట్టిన హత్యకు ముందు ఒక నిర్ణయం, ఆ నిర్ణయానికి ముందు ఒక సమాచారం, ఆ సమాచారానికి ముందు దాన్ని మోసుకొచ్చిన మనిషి తప్పకుండా ఉంటారు. చరిత్ర గ్రంథాల్లో చంపించినవారి పేర్లూ చచ్చిపోయినవారి పేర్లూ దొరుకుతాయి గాని, నడుమనున్న ఈ మూడో మనిషి సాధారణంగా దొరకడు. తెలుగు పత్రికలు అతణ్ని కోవర్టు అని పిలుస్తాయి. అతను బతికే తీరు, అతణ్ని తయారుచేసి వాడుకొని, ఆపైన అతనితో ఏం చేయాలో తేల్చుకోలేకపోయిన వ్యవస్థ తీరు ఈ ఉపన్యాసానికి విషయం.

ముందుగా కొన్ని మాటలకు హద్దులు గీసుకోవడం అవసరం. ఇన్‌ఫార్మర్ అంటే సంస్థకు బయట ఉండి, డబ్బు కోసమో భయం వల్లనో పగ వల్లనో తన కంటబడిన సంగతిని పోలీసులకు చేరవేసేవాడు. అప్రూవర్ అంటే నేరంలో పాలుపంచుకొని, న్యాయస్థానం ఇచ్చిన క్షమాభిక్షకు బదులుగా బోనెక్కి నిజం చెప్పేవాడు. అతని మాటను ప్రతివాది న్యాయవాది అందరి ఎదుట ప్రశ్నించవచ్చు. లొంగిపోయిన సభ్యుడు ప్రభుత్వ పునరావాస పథకం కింద నమోదై, తన తలపై ఉన్న వెలను తానే తీసుకొని ఇంటికి పోయేవాడు. ఈ ముగ్గురి విషయంలోనూ ఎక్కడో ఒక దస్త్రం, ఒక సంతకం, ఒక తేదీ ఉంటాయి. కోవర్టు అలా కాక సంస్థ లోపలే ఉంటూ, లేదా లోపలివాడిగా కనిపిస్తూ, పోలీసుల పని చేసేవాడు, కొన్ని సందర్భాల్లో ఆ పని పేరు హత్య. అతని సంగతి తెలిసినవారు ఒకరిద్దరు అధికారులకు మించరు. ఆ ఒకరిద్దరూ బదిలీ అయినా పదవీ విరమణ చేసినా, అతను ఎవరి మనిషో చెప్పగల సాక్ష్యం ఎక్కడా మిగలదు. ఈ ఉపన్యాసంలో తర్వాత రాబోయే చిక్కులన్నీ ఇక్కడే పుట్టాయి.

వరిచేలు, చేపల చెరువులు, ధాన్యం మిల్లుల మధ్య బతికే ఈ డెల్టాలో అటువంటి విషయం ఎందుకని అడిగేవారు ఉండవచ్చు. అయితే నక్సలైట్ పార్టీ అయిన పీపుల్స్‌వార్‌ను 1980 ఏప్రిల్ 22న స్థాపించిన కొండపల్లి సీతారామయ్య కొల్లేటికి అవతలి ఒడ్డునున్న కృష్ణా జిల్లావాడు. 2010 జూలై మొదటి రోజుల్లో ఆదిలాబాదు అడవుల్లో చనిపోయిన మావోయిస్టు నాయకుడు ఆజాద్, అసలు పేరు చెరుకూరి రాజ్‌కుమార్, ఆ జిల్లావాడే. పాత పశ్చిమ గోదావరి జిల్లాకు పోలవరం, బుట్టాయగూడెం మీదుగా ఒక అడవి అంచు ఉండేది. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా మరణించిన రోజునే విజయవాడ చుట్టుపక్కలా ఏలూరులోనూ తలదాచుకున్న మావోయిస్టులను పెద్దసంఖ్యలో పట్టుకున్నట్టు పోలీసులు ప్రకటించారు. అన్ని చోట్ల అంతమంది ఒకే రోజున దొరకడం, దాని వెనక ఎంతటి లోపలి సమాచారం ఉండి ఉంటుందన్న ప్రశ్నను డెల్టా పట్టణాల వీధుల్లోకే తెచ్చింది.

గూఢచారిని హంతకుడిగా వాడే ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలో గూఢపురుషులను రెండు తెగలుగా విడదీశాడు. ఒకే చోట స్థిరపడి వేషం వెనక పనిచేసే కాపటిక, ఉదాస్థిత, గృహపతిక, వైదేహక, తాపసులను సంస్థలన్నాడు. తిరుగుతూ పనిచేసే సత్రి, తీక్ష్ణ, రసద, భిక్షుకీలను సంచారులన్నాడు. వీరిలో తీక్ష్ణుడు ఆయుధంతో, రసదుడు విషంతో చంపేవారు. బాహాటంగా శిక్షిస్తే రాజ్యానికే చేటు తెచ్చేటంత బలమున్న ద్రోహులను చప్పుడు లేకుండా తొలగించే పద్ధతికి ఉపాంశుదండమని పేరు పెట్టి, అయిదో అధికరణంలో దానికొక అధ్యాయమే కేటాయించాడు. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకునే వేగును ఉభయవేతనుడన్నాడు. అటువంటివాణ్ని పనిలో పెట్టే ముందు అతని భార్యాబిడ్డలను రాజు తన అధీనంలో ఉంచుకోవాలని చెప్పడానికి కౌటిల్యుడు వెనుకాడలేదు. ఒకరినొకరు ఎరగని ముగ్గురు వేగుల మాట కలిస్తేనే నమ్మాలనీ, మాటిమాటికీ తేడా చెప్పేవారిని నిశ్శబ్దంగా తొలగించాలనీ కూడా అన్నాడు. కఠినమైన మాటలే; అయినా ఆధునిక పోలీసు శాఖలు దాచిపెట్టే ఒక సత్యాన్ని అతను దాచలేదు. చంపడానికి ఒప్పుకున్న గూఢచారిని నమ్మడం అసాధ్యమనీ, అతణ్ని కట్టి ఉంచేది భయమేననీ అతనికి తెలుసు. రాజు చచ్చిపోతే, లేదా మంత్రి మారితే, ఆ తీక్ష్ణుడు ఎవరి అదుపులో ఉంటాడన్నది మాత్రం అర్థశాస్త్రం అడగలేదు. రాజరికంలో ఆ ప్రశ్నకు చోటు లేదు, ప్రజాస్వామ్యంలో దాన్ని తప్పించుకునే వీలు లేదు.

తెలుగు నేల మీద ఈ చరిత్రకు ఆరంభం ఎక్కడ పెట్టాలన్నది చర్చనీయం. 1924 మే 7న పట్టుబడిన అల్లూరి సీతారామరాజును విశాఖ మన్యంలోని కొయ్యూరు దగ్గర కాల్చి చంపి, తప్పించుకోబోయినందువల్ల కాల్చవలసి వచ్చిందని నాటి ప్రభుత్వం రాసుకుంది. 1970 జూలైలో శ్రీకాకుళ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించినప్పుడు ఎన్‌కౌంటర్ అన్న మాట తెలుగు పత్రికలకు అలవాటయింది. 1999 డిసెంబరు 2న పీపుల్స్‌వార్ కేంద్ర కమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ కరీంనగర్ జిల్లాలో చనిపోయిన అడవి పేరు కూడా కొయ్యూరే కావడం యాదృచ్ఛికమే గాని, మరిచిపోదగింది కాదు. ఆ ముగ్గురినీ బెంగళూరులో పట్టుకొని తెచ్చి కాల్చారని పౌరహక్కుల సంఘాలు, కాల్పుల్లోనే చనిపోయారని పోలీసులు చెప్పారు. ఏ కథనాన్ని నమ్మినా, అంత పైస్థాయి నాయకుల ఆచూకీ తెలియడానికి లోపలి మనిషి తోడ్పాటు ఉండి తీరాలన్న అనుమానం నాడే పుట్టింది.

లోపలి మనిషికి అంత విలువ రావడానికి కారణం పోలీసు యంత్రాంగంలో వచ్చిన మార్పు. 1980ల చివరి దాకా నక్సలైట్ల మీద పనిచేసింది ప్రధానంగా ఠాణా పోలీసులూ సాయుధ రిజర్వు బలగాలూ. ఊళ్ల మీద పడి, కొట్టి, కేసులు పెట్టి సమాచారం లాగడం వారి పద్ధతి. 1989లో కె.ఎస్. వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి చొరవతో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక బలగం ఏర్పడింది. అడవిలో చిన్న చిన్న జట్లుగా, రోజుల తరబడి నడిచి, దళాలు బతికినట్టే బతుకుతూ వాటిని వెతికి పట్టుకొనే శిక్షణ దానిది. దళం ఎక్కడుందో ముందే తెలియకపోతే అటువంటి బలగం అడవిలో తిరిగి తిరిగి అలసిపోవడమే తప్ప సాధించేదేమీ ఉండదు. అందువల్ల రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగంలోని స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, అంటే తీవ్రవాదంపై రహస్య సమాచారం సేకరించే ఎస్.ఐ.బి., గ్రేహౌండ్స్‌కు కళ్లూ చెవులూ అయింది. దేశంలో ఇతర రాష్ట్రాలు తర్వాత అనుకరించిన ఈ జంట ఏర్పాటు సైనికంగా ఫలించిందనడంలో సందేహం లేదు. 2005 తర్వాత రెండు మూడేళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో మావోయిస్టుల బలం కుప్పకూలడానికి అదే ముఖ్య కారణమని ఆ పార్టీ వ్యతిరేకులతో పాటు సానుభూతిపరులు కూడా ఒప్పుకుంటారు. ఒప్పుకోనిదల్లా దాని ఖరీదు గురించే.

గురిపెట్టిన హత్య ఒక పక్షం సొత్తు కాదు. 1993 జనవరి 27న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో వ్యాస్‌ను పీపుల్స్‌వార్ మనుషులు కాల్చి చంపారు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు నడివీధిలో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రనూ, 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో పంచాయతీరాజ్ మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డినీ చంపారు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మందుపాతరల నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. ఈ పనులకు పీపుల్స్‌వార్ యాక్షన్ టీములనే చిన్న బృందాలను పంపేది. దళ సభ్యుడికి యూనిఫాం, చుట్టూ సహచరులు, వెనక అడవి ఉంటాయి; యాక్షన్ టీము సభ్యుడు మాత్రం పట్టణంలో మారుపేరుతో అద్దెగదిలో ఉండి, ఏదో ఉద్యోగమో చదువో ఉన్నట్టు నటిస్తూ, గురిపెట్టిన మనిషి ఏ వేళకు ఎటు వెళ్తాడో వారాల తరబడి చూస్తూ గడపాలి. పోలీసు కోవర్టుకూ యాక్షన్ టీము సభ్యుడికీ బతుకుతీరులో తేడా చాలా తక్కువ. ఒక పక్షం కోసం ఈ విద్య నేర్చినవాడు రెండో పక్షానికి కూడా పనికివస్తాడు. వ్యాస్ హత్యకేసులో నిందితుడిగా పట్టుబడిన భువనగిరి యువకుడు మహమ్మద్ నయీముద్దీన్ జీవితమే అందుకు ఉదాహరణ.

నయీం కథకు ముందు అడవిలో కోవర్టు బతుకు గురించి కొంత చెప్పుకోవాలి. దళంలో మనిషికి తనదంటూ ఏకాంతం ఉండదు. పదిమంది ఒకేచోట తిని, ఒకే గుడారం కింద వరసగా పడుకొని, వంతులవారీగా సెంట్రీ కాస్తారు. సెంట్రీ అంటే రాత్రిపూట మిగతావారి నిద్రకు కాపలా. దళ నిర్మాణమంతా ఈ కాపలా మీద నమ్మకంతోనే నిలబడుతుంది గనుక, కోవర్టు దెబ్బ కూడా అక్కడే పడుతుంది. ఇంటికి వెళ్లొస్తాననో వైద్యం కోసమనో బయటికి వచ్చినప్పుడు పట్టుబడి, జైలా, ఎన్‌కౌంటరా, లేక చెప్పినట్టు వినడమా అన్న బేరం ఎదురైనప్పుడు తలూపినవాడు, ఏమీ జరగనట్టు దళానికి తిరిగివెళ్లి, మునుపటి పాటలే పాడుతూ, మునుపటి విమర్శ, ఆత్మవిమర్శ సమావేశాల్లోనే కూర్చొని, తన వంతు సెంట్రీ వచ్చే రాత్రి కోసం ఎదురుచూస్తాడు. నిద్రలో ఉన్న నాయకుణ్నీ సహచరులనూ కాల్చి, వారి తుపాకులతో సహా పోలీసుల దగ్గరికి చేరిన ఘటనలు 1990ల నుంచి తెలుగు పత్రికల్లో పలుమార్లు వచ్చాయి. అంతటితో అతని అవసరం తీరిపోతుంది. ముఖం తెలిసిపోయినవాడు మళ్లీ లోపలికి వెళ్లలేడు. ఊరికి పోతే పాతవాళ్లు చంపుతారు. అంతగా నమ్మిన మనుషులను నిద్రలో కాల్చినవాడిని చేర్చుకొనే పల్లె ఉండదు. రివార్డు సొమ్ము చేతిలో ఉన్నా, ఆ సొమ్ము ఎలా వచ్చిందో ఎవరికీ చెప్పుకోలేని స్థితిలో, అతను తనను నడిపిన అధికారి దయ మీద మిగిలిన జీవితం గడపాలి. ఆ అధికారికి కూడా అతను భారమే. ఈ ఇద్దరి మధ్య ఉన్నది ఉద్యోగ సంబంధం కాదు, పరస్పర భయం.

ఈ దెబ్బకు పీపుల్స్‌వార్, తర్వాత మావోయిస్టు పార్టీ స్పందించిన తీరు ఆ దెబ్బకన్నా ఎక్కువ నష్టం చేసింది. ఎవరు కోవర్టో తెలియనప్పుడు అందరూ అనుమానితులే అవుతారు. ఇన్‌ఫార్మర్ నెపంతో అన్న మాట తెలంగాణ, ఉత్తరాంధ్ర జిల్లాల వార్తల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. శవం మీద ఒక కాగితం, దాని మీద ఎర్రసిరాతో నేరారోపణ, కింద దళం పేరు. చనిపోయినవారిలో నిజంగా సమాచారమిచ్చినవారు ఎందరో, పొలం గట్టు తగాదాలో పొరుగువాడు చెప్పిన చాడీకి బలైనవారు ఎందరో తేల్చే వ్యవస్థ ఆ పార్టీకీ లేదు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో పనిచేసిన పౌరస్పందన వేదికా, హక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ కూడా ఇటువంటి హత్యలను పార్టీ పక్షానికే చెప్పి ఖండించారు. కోవర్టు ఎవరినీ చంపకముందే, అతను ఉన్నాడన్న అనుమానమే అతని పక్షాన చంపుతూ పోతుంది. పోలీసు వ్యూహకర్తలకు ఈ సంగతి బాగా తెలుసు, ఆ శవాల లెక్క మాత్రం వారి విజయాల పట్టికలో చేరదు.

ఇక నయీం. రాడికల్ విద్యార్థి ఉద్యమం నుంచి యాక్షన్ టీము దాకా ఎదిగిన అతను, వ్యాస్ హత్యకేసులో జైలులో ఉన్న కాలంలో పార్టీ నాయకులతో విభేదించి, బయటికి వచ్చాక ఆ పార్టీ మీదికే తిరిగాడు. గ్రేహౌండ్స్ వ్యవస్థాపకుణ్ని చంపిన కేసులో నిందితుణ్ని పోలీసు యంత్రాంగంలోని కొందరు ఆదరించి వాడుకున్నారన్న ఆరోపణ హక్కుల సంఘాల నుంచే కాక పత్రికల నుంచి, శాసనసభ్యుల నుంచి కూడా వచ్చింది. పోలీసు శాఖ దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది లేదు. 1999లో భువనగిరి ప్రాంతపు గాయని బెల్లి లలిత, 2000 నవంబరులో హైదరాబాదులో పౌరహక్కుల న్యాయవాది పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్గొండలో హక్కుల కార్యకర్త ఆజం అలీ హత్యకు గురయ్యారు. ఈ హత్యలకు నయీం పేరునూ, మాజీ నక్సలైట్లతో నడిచిన ముఠాల పేర్లనూ ఆనాడే ముడిపెట్టారు. గ్రీన్ టైగర్స్ అనీ, కోబ్రాలనీ పేర్లు పెట్టుకున్న ఆ ముఠాలకు కార్యాలయం, సభ్యత్వం, ప్రణాళిక ఏవీ లేవు. పత్రికలకు వచ్చే ఫోనే వాటి ఉనికి. 2005 ఆగస్టులో ప్రభుత్వం మావోయిస్టు పార్టీ మీద నిషేధాన్ని తిరిగి విధించాక, కొద్ది వారాల్లోనే మహబూబ్‌నగర్ జిల్లాలో కనకాచారి, ప్రకాశం జిల్లాలో మన్నెం ప్రసాద్ అనే ఇద్దరు హక్కుల కార్యకర్తలను చంపింది తామేనని నర్సా కోబ్రాలనే పేరుతో ప్రకటన వచ్చింది. 1985లో వరంగల్లులో పిల్లల వైద్యుడు రామనాథంను ఆయన క్లినిక్కులోనే చంపినప్పుడు, చంపినవారు మఫ్టీలో ఉన్న పోలీసులేనని ఊరంతా వేలెత్తి చూపగలిగింది. ఇరవై ఏళ్లు గడిచేసరికి వేలెత్తి చూపడానికి ఒక పేరు, ఒక ముఖం లేకుండా పోయాయి. కోవర్టు వ్యవస్థ సాధించిన అసలు పురోగతి ఇదే.

ఆ తర్వాతి పదేళ్లలో నయీం పేరు ఉద్యమాల వార్తల నుంచి భూముల వార్తల్లోకి మారింది. హైదరాబాదు చుట్టూ భూముల ధరలు ఆకాశాన్నంటిన కాలంలో సెటిల్‌మెంట్లు, బెదిరింపులు, కబ్జాలు అతని వృత్తి అయ్యాయి. ఉద్యమం వదిలి రాజకీయాల్లోకి వచ్చిన సాంబశివుడిని 2011 మార్చిలో చంపించింది అతనేనని పోలీసులు కేసు పెట్టారు. 2014లో సాంబశివుడి సోదరుడు కోనపురి రాములు హత్యలోనూ అతని పేరే వచ్చింది. చివరికి 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ శివారులోని ఒక ఇంటి దగ్గర గ్రేహౌండ్స్ బలగం జరిపిన కాల్పుల్లో అతను చనిపోయాడు. వ్యాస్ స్థాపించిన బలగం చేతిలోనే వ్యాస్ హత్యకేసు నిందితుడు పోవడాన్ని కొందరు దైవన్యాయమన్నారు. దైవం సంగతి ఎలా ఉన్నా, అతను ఎవరి కోసం ఎవరిని చంపాడో చెప్పగల ఒకే ఒక సాక్షి ఆ ఉదయం అంతమయ్యాడు. తెలంగాణ ప్రభుత్వం ఐజీ స్థాయి అధికారి కింద ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. నగదు, ఆయుధాలు, భూపత్రాలు గుట్టలుగా బయటపడ్డాయి. కొందరు పోలీసు అధికారులు సస్పెండయ్యారు. అంతకు ముందరి కాలంలో, అంటే అతను పోలీసులకు పనికివచ్చాడని చెప్పే కాలంలో, అతణ్ని ఎవరు నడిపారన్న ప్రశ్న మాత్రం ఆ దర్యాప్తు ద్వారాన్ని దాటి లోపలికి పోలేదు.

ఇటువంటి కథ ఇక్కడే జరిగిందనుకోవడం పొరపాటు. జారు చక్రవర్తి కాలంలో రష్యా రహస్య పోలీసులైన ఓఖ్రానా జీతం మీద ఉన్న యెవ్నో అజేఫ్ అనే ఇంజనీరు, 1903 నుంచి సోషలిస్టు విప్లవకారుల పార్టీలో హత్యలు జరిపే పోరాట విభాగానికి నాయకుడు కూడా. 1904 జూలైలో హోంమంత్రి ప్లేవే, 1905 ఫిబ్రవరిలో చక్రవర్తి పినతండ్రి గ్రాండ్ డ్యూక్ సెర్గేయ్ అతని విభాగం వేసిన బాంబులకు బలయ్యారు. పోలీసులను ఏలే మంత్రిని పోలీసు గూఢచారే చంపించాడు. అదే కాలంలో తన విప్లవ సహచరులను కూడా అతను పోలీసులకు పట్టించి ఉరికంబానికి పంపించాడు. అతను రెండు పక్షాల్లో దేనికి విధేయుడో నేటికీ చరిత్రకారులు తేల్చలేదు. బహుశా నెలనెలా వచ్చే రెండు జీతాలకే కావచ్చు. కౌటిల్యుడి ఉభయవేతనుడికి ఇంతకన్నా మంచి మచ్చు దొరకదు. 1908లో విప్లవ పాత్రికేయుడు బుర్త్సేవ్ ఒక రైలు ప్రయాణంలో మాజీ పోలీసు డైరెక్టర్ లోపూఖిన్ నోట నిజం రాబట్టాడు. అజేఫ్ తప్పించుకొని 1918లో బెర్లిన్‌లో మంచం మీద చనిపోయాడు. శిక్ష పడింది నిజం చెప్పిన లోపూఖిన్‌కు.

ఉత్తర ఐర్లండ్ ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. 1989 ఫిబ్రవరి 12న బెల్‌ఫాస్ట్‌లో భార్యాబిడ్డలతో భోజనం చేస్తున్న న్యాయవాది పాట్ ఫినుకేన్‌ను ఒక సాయుధ ముఠా ఇంట్లోకి జొరబడి కాల్చి చంపింది. ఆ ముఠా సమాచార విభాగాన్ని చూసే బ్రయన్ నెల్సన్ బ్రిటిష్ సైన్యపు రహస్య ఏజెంటు. నెల్సన్‌కు 1992లో శిక్ష పడింది. 2012 డిసెంబరులో వెలువడిన డిసిల్వా నివేదిక రాజ్యపు ఉద్యోగుల కుమ్మక్కును పేజీల కొద్దీ నమోదు చేయగా, బ్రిటిష్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఐరిష్ రిపబ్లికన్ సైన్యంలో ద్రోహులను పట్టి చంపే విభాగంలోనే స్టేక్‌నైఫ్ అనే మారుపేరుతో పనిచేసిన మరో ఏజెంటు గురించి, అతని వల్ల దక్కిన ప్రాణాలకన్నా పోయిన ప్రాణాలే ఎక్కువని 2024 మార్చిలో కెనోవా దర్యాప్తు మధ్యంతర నివేదిక తేల్చింది. గూఢచారి హత్యలో పాలుపంచుకోవడాన్ని సమర్థించేవారి చివరి వాదం ఎప్పుడూ ఒకటే: కొందరి చావు వల్ల ఎందరో బతికారు. కాగితాల మీద లెక్క చూసిన చోట ఆ వాదం ఓడిపోయింది. లెక్క చూడని చోట్ల మాత్రమే ఇంకా నిలబడి ఉంది. పురుషోత్తం కూడా న్యాయవాదే. బెల్‌ఫాస్ట్ న్యాయవాది మరణం మీద ఎన్నో విచారణలు జరిగాయి, హైదరాబాదు న్యాయవాది మరణం మీద అటువంటి విచారణ ఒక్కటీ జరగలేదు.

మన చట్టం ఈ విషయంలో ఎక్కడుంది? 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్యచట్టం 125వ సెక్షన్ నేరం గురించి తనకు ఎవరు సమాచారమిచ్చారో చెప్పమని పోలీసు అధికారిని ఏ కోర్టూ బలవంతం చేయరాదంది. సమాచారమిచ్చిన పేదవాడి ప్రాణం కాపాడడానికి పుట్టిన ఆ రక్షణ సబబైనదే. ఆ మనిషి సమాచారమివ్వడంతో ఆగక తానే తుపాకి పేల్చినప్పుడు కూడా అదే తెర అతణ్నీ, అతని వెనకవారినీ కప్పితే అది రక్షణ అనిపించుకోదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న, ఎన్‌కౌంటర్ మరణం జరిగిన ప్రతిచోటా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలనీ, ఆత్మరక్షణ వాదాన్ని విచారణలోనే తేల్చాలనీ తీర్పునిచ్చింది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2014 సెప్టెంబరులో పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. వేసిన కేసులో సుప్రీంకోర్టే మార్గదర్శకాలిచ్చింది. ముందస్తు సమాచారం వస్తే దాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలనీ, దర్యాప్తు వేరే ఠాణా లేదా సి.ఐ.డి. చేయాలనీ, అనుమానం తీరేదాకా పతకాలూ పదోన్నతులూ ఇవ్వరాదనీ వాటిలో ఉంది. మంచి నియమాలే గాని అవి యూనిఫాం తొడిగిన చేతికే వర్తిస్తాయి. యూనిఫాం లేని చేతి గురించి వాటిలో మాట లేదు. ఆదివాసీ యువకులకు నామమాత్రపు జీతమిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్న పేరుతో మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని, తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి ఉన్న ధర్మాసనం 2011 జూలై 5న సల్వాజుడుం కేసులో చెప్పింది. జీతం పట్టికలో పేరున్న ఆ యువకులకే రాజ్యాంగం అడ్డు చెప్పినప్పుడు, ఏ పట్టికలోనూ పేరులేని కోవర్టును అది ఎలా ఒప్పుకుంటుందో ఆలోచించాలి.

కేంద్రంలోని ఇంటెలిజెన్స్ బ్యూరోకు గాని, విదేశీ గూఢచర్యం చూసే రా సంస్థకు గాని పార్లమెంటు చేసిన చట్టం అంటూ లేదు. 2011లో ఒక సభ్యుడు ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. రాష్ట్రాల ఎస్.ఐ.బి.ల సంగతి చెప్పనక్కరలేదు. నక్సలైట్ల కోసం నిర్మించిన ఆ విభాగపు పరికరాలతో రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విన్నారన్న ఆరోపణ మీద 2024 మార్చిలో హైదరాబాదు పోలీసులు ఆ విభాగపు మాజీ అధికారులనే అరెస్టు చేయవలసి వచ్చింది. ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి. అయితే ఒక శత్రువు కోసం చీకట్లో తయారైన ఆయుధం ఆ శత్రువు తగ్గిపోయాక ఊరుకోదన్న సంగతిని నయీం పదిహేనేళ్ల ముందే చూపించాడు, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

గూఢచారులు లేని రాజ్యం ఉండదు. ఉండాలని కోరడం అమాయకత్వం. హత్య చేసే గూఢచారిని నడిపే అధికారం మాత్రం ఏ ప్రజాప్రభుత్వానికీ ఉండరాదన్నది ఈ ఉపన్యాసపు తీర్పు. అందుకు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. రహస్య ఏజెంటు చేయకూడని పనుల జాబితాను, అందులో మొదటిదిగా హత్యను, చట్టంలో రాయాలి. ప్రతి ఏజెంటు పేరూ అతణ్ని నడిపే అధికారి పేరూ మూసిన కవరులో హైకోర్టు న్యాయమూర్తి ఒకరి దగ్గర ఉండాలి. ఇంటెలిజెన్స్ విభాగాల ఖర్చును శాసనసభ సంఘం ఒకటి, రహస్యంగానే కానీ, ఏటా చూడాలి. నయీం మీద ఏర్పాటైన ప్రత్యేక దర్యాప్తు బృందపు పూర్తి నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. పురుషోత్తం, ఆజం అలీ, కనకాచారి, మన్నెం ప్రసాద్ హత్యకేసుల దస్త్రాలను రెండు తెలుగు రాష్ట్రాలూ తిరిగి తెరవాలి. ఈ కోరికలతో రెండు రాష్ట్రాల హోంశాఖలకు వేర్వేరుగా వినతిపత్రాలు పంపవలసిందిగా ఈ సభకు వచ్చిన న్యాయవాదులను, అధ్యాపకులను, విద్యార్థులను కోరడమైనది.